ఆరో తరగతి బి సెక్షన్లో దొరికిన నోటుబుక్కు

క్లాసులో ఒక ప్రశ్న అడిగితే పిల్లలందరూ ఒకేసారి చెయ్యెత్తారనుకోండి, మీకు సంతోషం కలుగుతుందేమో. నాకు అనుమానం వస్తుంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పి రిటైరయినా ఆ బుద్ధి పోలేదు. పక్కింటి పిల్ల గేటు దగ్గర నిలబడి 'గుడ్ మార్నింగ్ ఆంటీ' అంటే, దీన్ని ఎవరు పంపించారు, ఏం కావాలని పంపించారు అని ముందు ఆలోచిస్తాను. ఆ తర్వాతే నవ్వుతాను. ముందే నవ్వడం నాకు చేతకాదు.

ఈ బుద్ధి ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాణ్యం దగ్గర ఒక స్కూల్లో పనిచేశాను. ఇన్‌స్పెక్షన్ వస్తోందని తెలిసి అప్పటి హెడ్మాస్టరు ఒక ఏర్పాటు చేయించాడు. ఆఫీసరు ఏది అడిగినా క్లాసంతా చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్లు కుడి చెయ్యి, తెలియనివాళ్లు ఎడమ చెయ్యి. మేము కుడి చేతివాళ్లనే లేపి చెప్పించాలి. ఆ ఏర్పాటుని మూడు రోజులు కూర్చుని పిల్లలకి అలవాటు చేయించింది నేనే. ఆఫీసరు మెచ్చుకుని, టీ తాగి వెళ్లిపోయాడు. ఎడమ చెయ్యి ఎత్తిన పిల్లలు మాత్రం ఆ ఏడాదంతా అలాగే ఉండిపోయారు, వాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అప్పట్నుంచి ఎవరి క్లాసు బాగుందని విన్నా, వీళ్ల ఎడమ చేతులు ఎక్కడ దాచారో అని వెతకడం నాకు అలవాటైంది.

కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరినవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. పేర్లు ఎవరివీ చెప్పను. నా పేరు చెప్పుకునే ధైర్యం కూడా లేదు.

నా చివరి పోస్టింగు ఆళ్లగడ్డ. ఇల్లు నంద్యాల. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లు ఉందనగా మా హైస్కూలుకి ఒక అమ్మాయి వచ్చింది. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏటేటా పొడిగిస్తేనే నిలిచే తాత్కాలికపు పోస్టు. సొంతూరు డోన్. వాళ్ల నాయన లారీ తోలేవాడట, నడుము పోయి ఇంట్లో కూర్చున్నాడు. చెల్లెలు డిగ్రీ చదువుతోంది. ఇంటికి జీతం తెచ్చేది ఈ అమ్మాయి ఒక్కతే. ఆళ్లగడ్డలో ఒక గది అద్దెకి తీసుకుని, నెలకి రెండుసార్లు డోన్ వెళ్లి వచ్చేది. ఇవన్నీ నేను అడిగి తెలుసుకున్నవే. అడిగింది ప్రేమతో కాదు, ఎవరి సిఫారసు మీద వచ్చిందో కనుక్కుందామని. సిఫారసు ఏమీ లేదని తేలాక అనుమానం ఇంకాస్త పెరిగింది.

ఆమెకి ఆరు, ఏడు తరగతుల్లో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే పని ఇచ్చారు. ఎనిమిది నుంచి పదిదాకా నావి. పిల్లలు ఆమెని చిన్న మేడం అన్నారు. దాంతో నేను పెద్ద మేడం అయిపోయాను. అంతకుముందు ఉత్త మేడాన్ని. ఆ 'పెద్ద' అనే మాట నాకు గుచ్చుకుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

దసరా సెలవులు అయ్యేసరికి ఆరో తరగతి బి సెక్షను పిల్లలు కొళాయి దగ్గర ఇంగ్లీషులో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మాట్లాడుకోవడం కూడా కాదు, పోట్లాడుకోవడం. "వెయిట్, ఐ కేమ్ ఫస్ట్" అని ఒకరు, "నో, యు వెంట్ అండ్ కేమ్" అని ఇంకొకరు. గ్లాసులు తగులుతున్నాయి, నీళ్లు పోతున్నాయి, ఎవరూ తెలుగులోకి దిగడం లేదు. నా పదో తరగతి పిల్లలకి ప్యాసివ్ వాయిస్ వచ్చు, రిపోర్టెడ్ స్పీచ్ వచ్చు. పొద్దున ఏం తిన్నావని ఇంగ్లీషులో అడిగితే మాత్రం నేల చూపులు చూసేవాళ్లు.

మా స్టాఫ్ రూములో లెక్కల సారు ఒకాయన ఉండేవాడు. మంచివాడే. కాకపోతే ఎవరి మనసులో ఏముందో దాన్ని ఇంకాస్త మండించి పక్కకి తప్పుకునే రకం. మధ్యాహ్నం క్యారియర్ విప్పుతూ మాట కదిపాడు.

"మేడం, ఆరో తరగతి పిల్లోల్లు ఇంగ్లీషులో కొట్లాడ్తాండారు, చూసినారా?"

"బట్టీ పట్టించింటుంది సార్" అన్నాను.

"కొట్లాట గూడా బట్టీ పట్టిస్తారా మేడం?"

ఆయన పెరుగన్నం కలుపుకుంటూ నెమ్మదిగా, "అయినా వచ్చే ఏడు పొడిగింపు రావల్లంటే ఏదో ఒగటి చూపియ్యల్ల గదా. పాపం" అన్నాడు. ఆ 'పాపం' అన్న మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

మర్నాటి నుంచి ఖాళీ పీరియడ్లలో ఆమె క్లాసు కిటికీ పక్కగా నడవడం మొదలుపెట్టాను. చాక్‌పీసులకని ఒకసారి, రిజిస్టరు కోసమని ఒకసారి. ఆమె పద్ధతి వింతగా ఉండేది. ఆమె పీరియడు రాగానే పిల్లలు పుస్తకాలన్నీ తీసుకెళ్లి తలుపు దగ్గర మూలకి పేర్చాలి. చేతిలో పెన్ను కూడా ఉండకూడదు. ఒక బెంచీ బస్టాండు, ఒక బెంచీ ఆస్పత్రి, ఒకటి బట్టల షాపు. చీటీ తీస్తే ఎవరికి ఏది వస్తే అక్కడికి పోయి మాట్లాడాలి. డాక్టరు బెంచీ దగ్గర ఒక పిల్ల కడుపు పట్టుకుని మూలుగుతోంది, ఇంకో పిల్ల "సిన్స్ వెన్?" అని అడుగుతోంది. తప్పులు దొర్లుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని వింటోంది తప్ప ఒక్కటీ దిద్దలేదు. నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రమే అడిగాను. "తప్పులు దిద్దవా అమ్మా?"

"దిద్దుతా మేడం. వాళ్ల మాట అయిపోయినాక."

"నోట్సు ఎందుకు రాయించవు?"

"రాసుకుంటే రాసిండేది చూస్తాంటారు మేడం. ఎదురుగా ఉండే మనిషిని చూడరు."

"మరి హోంవర్కు?"

"ఇంట్లో ఎవురితోనన్నా నాలుగు మాటలు ఇంగ్లీషులో మాట్లాడి రమ్మంటా."

"ఈ ఊర్లో ఎవరింట్లో మాట్లాడతారు ఇంగ్లీషు?"

"వాళ్లు మాట్లాడకపోయినా ఏం కాదు మేడం. కూర్చుని వినేవాళ్లు ఒకరుంటే చాలు."

అన్నిటికీ తయారుగా ఉన్న జవాబులే. ఇంత చక్కగా ఎవరు చెబుతారు, ముందే అనుకుని పెట్టుకున్నవాళ్లు కాకపోతే, అనుకున్నాను. అది హోంవర్కేమిటి, తమాషాగా ఉంది అని లెక్కల సారుతో నవ్వాను కూడా.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒకరోజు ఆమె నాయనకి ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టింది. ఆరో తరగతి బి సెక్షనుకి నన్ను పొమ్మన్నారు. నేను వెళ్లి, మాటలూ గీటలూ ఏమీ లేవని చెప్పి, కాపీ రైటింగు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టమన్నాను. అందరూ తెచ్చి పెట్టారు. మొదటి బెంచీలో ఒక ముస్లింల పిల్ల ఉండేది. ఆ సెక్షనులో అందరికంటే ఎక్కువగా, గంట కొట్టేదాకా ఆపకుండా మాట్లాడేది అదే. ఆ పిల్ల కూడా బ్యాగులోంచి ఒకటి తీసి పెట్టి వెళ్లింది. సగం దిద్దాక ఆ పిల్లే పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మేడం, నాది అది కాదు మేడం. ఇంగో బుక్కుంది, అదిచ్చేయండి మేడం" అంటూ దొంతరలోకి చెయ్యి పెట్టబోయింది.

ఆ కంగారు చూశాక నేను ఇస్తానా? పుస్తకం తెరిచాను. గోధుమరంగు అట్ట వేసిన నోటుబుక్కు. లోపల అంతా ఇంగ్లీషే, కానీ తెలుగు అక్షరాల్లో. 'విచ్ కలర్ యు వాంట్. షో యువర్ హ్యాండ్. టూ ఫోర్ టైట్, టూ సిక్స్ ఓకే, టూ ఎయిట్ లూజ్. డోంట్ బి అఫ్రెయిడ్. వేర్ ఆర్ యు కమింగ్ ఫ్రమ్. ప్లీజ్ కమ్ అగైన్.' పేజీల తరబడి ఇలాగే, ప్రశ్న ఒక పక్క, జవాబు ఒక పక్క. పిల్లల రాత కాదు. పెద్దవాళ్లు నొక్కి నొక్కి రాసిన రాత.

ఇంగ్లీషు టీచర్లు కానివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషుని తెలుగు అక్షరాల్లో రాసుకోవడమంటే మా వాళ్ల దృష్టిలో కాపీ కొట్టడం కంటే ఒక మెట్టు కింద. బట్టీకి అది పునాది. అర్థం అక్కర్లేదు, స్పెల్లింగు అక్కర్లేదు, చిలక పలుకులు పలికితే చాలు. నోట్సే వద్దని నాకు నీతులు చెప్పిన మనిషి క్లాసులో ఇది దొరికింది. ఎడమ చేతులు దాచిన చోటు కనబడింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం.

"హూ రోట్ దిస్?" అని అడిగాను.

ఆ పిల్ల నోరు తెరవలేదు. ఆపకుండా మాట్లాడే పిల్ల.

"నీ రాత కాదు కదా?"

కాదన్నట్టు తల ఊపింది.

"చిన్న మేడం రాసిచ్చిందా?"

అవుననలేదు, కాదనలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నా చేతిలో పుస్తకాన్నే చూస్తూ నిలబడింది. నాకు కావాల్సిన జవాబు అందులో చూసుకున్నాను. నోటుబుక్కు నా హ్యాండుబ్యాగులో పెట్టుకున్నాను.

అది ఆరు రోజులు నా బ్యాగులో ఉంది. బస్సులో తీసి చదివేదాన్ని. ఈ టూ ఫోర్, టూ సిక్స్ ఏమిటో తెలియలేదు, ఎక్కాలు కూడా ఇలాగే బట్టీ పట్టిస్తోంది కాబోలనుకున్నాను. హాజరుపట్టీలో చిన్న మేడం రాతతో పోల్చి చూశాను. కలవలేదు. కలవకపోతే ఆగాలి కదా. ఆగలేదు. ఎవరిచేతో రాయించింది, ఎంత ముందుచూపో చూడు అనుకున్నాను. సెలవు నుంచి వచ్చి ఆమె రోజూ స్టాఫ్ రూములో నా ఎదురు కుర్చీలోనే కూర్చునేది. మా నాయనకి కొంచెం నయం మేడం అని చెప్పింది. డోన్ నుంచి తెచ్చిన బొరుగులు పెట్టింది, తిన్నాను. ఇది ఏంటమ్మా అని ఆ పుస్తకం తీసి ఒక్కసారి చూపిస్తే సరిపోయేది. ఎందుకు చూపించలేదని ఇప్పటికి వందసార్లు నన్ను నేనే అడిగాను. చూపిస్తే ఆమె ఏదో చక్కటి జవాబు చెబుతుందని, అది నిజమైతే నా అనుమానం వృథా అయిపోతుందని భయం. అంతకంటే వేరే కారణం దొరకలేదు.

హెడ్మాస్టరు పెద్దసారుకి కూడా చెప్పలేదు. ఆయన్నీ అనుమానించాను. ఆరో తరగతి పేరు చెప్పి స్కూలుకి మంచి పేరు వస్తోంది కదా, ఆయనకీ ఇందులో చెయ్యి ఉండే ఉంటుందని. లెక్కల సారుకి మాత్రం చెప్పాను. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఊరికే పెట్టుకోకండి మేడం. ఆఫీసరు వస్తాడంట బుధవారం" అన్నాడు.

బుధవారం ఆఫీసరు వచ్చాడు. పిల్లలు ఇంగ్లీషు ఎంతవరకు మాట్లాడుతున్నారో చూసి, తాత్కాలిక టీచర్ల పొడిగింపుకి అభిప్రాయం రాసి పంపడానికి వచ్చాడు. మాకందరికీ తెలుసు అది. చిన్న మేడానికి అందరికంటే బాగా తెలుసు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. పొద్దున ప్రేయరు దగ్గర ఆమె చేతులు వణకడం చూసి, దొరికిపోతానని భయం అనుకున్నాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తేలే రోజున ఎవరికైనా చేతులు వణుకుతాయని తట్టలేదు.

నా పదో తరగతిలో పిల్లలు పాఠం అప్పజెప్పారు. తర్వాత ఆరో తరగతి బి. నేనూ వెనక నిలబడ్డాను. ఆఫీసరు చీటీలు వద్దన్నాడు. తన చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టి, ఇది పాడైంది, మీరు బాగుచేసేవాళ్లు, నాతో మాట్లాడండి అన్నాడు ఇంగ్లీషులో. ఎవరూ నేర్పించని సంగతి అది. మొదటి బెంచీ పిల్ల లేచి గడియారం చెవి దగ్గర పెట్టుకుని, "ఇట్ ఈజ్ నాట్ డెడ్ సార్, ఓన్లీ స్లీపింగ్. కమ్ టుమారో" అంది. ఆఫీసరు గట్టిగా నవ్వాడు. క్లాసంతా నవ్వింది. చిన్న మేడం గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది.

బట్టీ పట్టిన పిల్ల ఆ మాట అనగలదా? అప్పుడే అర్థం కావాల్సింది నాకు. నేను మాత్రం ఆఫీసరు నవ్వుని చూసి, ఈయన కూడా మోసపోయాడు అనుకున్నాను.

పెద్దసారు గదిలో టీ తాగుతూ ఆఫీసరు కాగితం మీద ఏదో రాస్తున్నాడు. నా వైపు తిరిగి, "మేడం, మీరు సీనియర్లు. ఈ అమ్మాయి పని మీకెలా అనిపిస్తోంది?" అని అడిగాడు. నేను బ్యాగు తెరిచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాను. "ఇది ఆమె క్లాసులో దొరికింది సార్" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అక్కర్లేకపోయింది.

ఆయన పేజీలు తిప్పేకొద్దీ ముఖంలో నవ్వు పోయింది. చిన్న మేడాన్ని పిలిపించాడు. ఆమె వచ్చింది. వెనకాల తలుపు దగ్గర ఆ మొదటి బెంచీ పిల్ల కూడా నిలబడి ఉంది. ఆఫీసరు గడియారం తన దగ్గరే ఉండిపోతే తిరిగి ఇవ్వడానికి వచ్చింది.

"ఇది ఎవరు రాశారమ్మా?" అన్నాడు ఆఫీసరు.

ఆమె పుస్తకం చూసింది. రెండు పేజీలు తిప్పింది. తలెత్తి తలుపు వైపు చూసింది. ఆ పిల్ల కూడా ఆమెనే చూస్తోంది.

"నేను రాసింది కాదు సార్."

"మరి ఎవరిది?"

"తెలియదు సార్" అంది.

ఆఫీసరు కలం మూత పెట్టి, మళ్లీ తీశాడు. రాసిన కాగితం పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకున్నాడు. నోటుబుక్కు తన ఫైలులో పెట్టించుకున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

జూన్లో ఆమెకి పొడిగింపు రాలేదు. గది ఖాళీ చేసి వెళ్లేముందు స్కూలుకి వచ్చి అందరికీ చెప్పింది. నాకు కూడా, "వస్తా మేడం" అంది. లెక్కల సారు ఆమె వెళ్లేదాకా వేరే గదిలో ఉన్నాడు. ఆ తర్వాత ఒకరోజు నేను ఆ మాట ఎత్తితే, "నేనేమన్న్యా మేడం? మీరే గదా పెట్టింది" అన్నాడు. ఆయన అన్నది నిజమే. స్టాఫ్ రూములో నేను కూర్చోగానే మాటలు తగ్గడం గమనించాను. తోటివాళ్లు ఇప్పుడు నన్ను అనుమానంగా చూస్తున్నారు. ఆ చూపు ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు, ఎప్పుడూ చూసే పక్కనే ఉన్నాను కాబట్టి.

వానాకాలం చివర మా అక్క నంద్యాల వచ్చింది. అహోబిలం చూపించమంటే రెండో శనివారం సెలవని తీసుకువెళ్లాను. దర్శనం అయ్యాక దిగువ గుడి ముందు అంగళ్లలో అక్క గాజులు వేయించుకుంటానంది. ఒక దుకాణంలో కూర్చున్నాం. గాజులు వేసే ఆమె ముప్ఫై దాటని మనిషి, తల మీద కొంగు. మాకంటే ముందు పైరాష్ట్రం నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది, తెలుగు రాదు. గాజులామె ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్ల కణుపులు నెమ్మదిగా నొక్కుతూ, "షో యువర్ హ్యాండ్. డోంట్ బి అఫ్రెయిడ్. టూ ఫోర్ టైట్, టూ సిక్స్ ఓకే" అంది.

జీవితమంతా రెండూ ఆరు సైజు గాజులు వేసుకున్న మనిషిని. ఆ పుస్తకంలో దాన్ని చదివి ఎక్కాలనుకున్నాను.

గాజులామెని అడిగాను. "ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

ఆమె సిగ్గుపడి కొంగు సర్దుకుంది. "మా పాప నేర్పిచ్చింది మేడం. ఆళ్లగడ్డ స్కూలుకు పోతాది. ఇంట్లో ఎవురితోనన్నా మాట్లాడి రమ్మంటారంట, దినామూ నా ముందర కూర్చుని మాట్లాడ్తాండె. అది చెప్తాంటే నేను తెలుగులో రాసుకుంటాంటి. నేను అయిదు దాకానే సదివినా."

"ఎందుకమ్మా నీకు?"

"ఈడ గిరాకీలతో మా మరిదే మాట్లాడేది మేడం. నేను చెయ్యి పట్టుకుని గాజులేస్తాంటే, ఆమె నొప్పంటాందో, సాలంటాందో వాడు చెప్తే గాని నాకు తెల్దు. ఆడమనిషి చెయ్యి నా చేతిలో పెట్టుకుని, మాటకు మొగోని దిక్కు చూడల్ల. నాకు నచ్చలే." చెయ్యి ఆపకుండానే ఎర్రగాజులు తొడుగుతూ చెప్పింది. "ఇంట్లో తెలిస్తే నవ్వుతారని, ఎవురికీ చెప్పొద్దని పాపతో ఒట్టు పెట్టిచ్చుకున్యా. అదేమో ఆ బుక్కును తన బుక్కుల్లో కలిపేసుకోని పోయి యాడనో పోగొట్టింది. అడిగితే ఏడుస్తాది. చెప్పదు."

అప్పుడే లోపల్నుంచి ఆ పిల్ల టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. గుడ్ మార్నింగ్ అనలేదు. గ్లాసులు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. పదకొండేళ్ల పిల్ల అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకుంది. నేను దాన్ని నేరం చేశాను. ఆ దుకాణంలో అంతమంది మధ్య నాకు ఏడుపు వచ్చింది, సాంబ్రాణి పొగ అని అక్కకి అబద్ధం చెప్పాను.

సోమవారం స్కూల్లో ఆ పిల్లని పిలిచాను. తప్పు నీది కాదు, మీ అమ్మది కాదు, నాది అని చెప్పాను. అది చాలాసేపు విని, "అయితే చిన్న మేడం మళ్లీ వస్తాదా మేడం?" అని అడిగింది. చూద్దాం అన్నాను.

ఏం చూడాలో నాకు తెలుసు. నేను ఇచ్చింది తప్పుడు సాక్ష్యం అని ఆఫీసుకి రాసివ్వాలి. రాసిస్తే నాకు మెమో వస్తుంది. నా పెన్షను కాగితాలు అదే ఆఫీసులో కదులుతున్నాయి. ఇంకెంత, మార్చి దాకా ఆగితే రిటైరవుతాను, కాగితాలు వస్తాయి, అప్పుడు రాస్తే నష్టమేమిటి అనుకున్నాను. నష్టం నాకు కాదు కాబట్టి ఆ లెక్క సులువుగానే కుదిరింది. ఆ పిల్ల వరండాలో ఎదురైనప్పుడల్లా నా వైపు చూసేది. నేను నడక వేగం పెంచేదాన్ని. అంతమందిని అనుమానించిన దాన్ని, నా పిరికితనాన్ని ఒక్కరోజు కూడా అనుమానించలేదు.

రిటైరయ్యాను. దండలు వేశారు. లెక్కల సారు నా నిజాయితీ గురించి మాట్లాడాడు. పెన్షను ఉత్తర్వులు చేతికి వచ్చిన వారానికి కూర్చుని రాశాను, ఇంగ్లీషులో, ఒక పేజీ నిండా. ఏం జరిగిందో, ఎవరి తప్పో, ఆ అమ్మాయిని తిరిగి తీసుకోవాలని, ఆ నోటుబుక్కు దాని సొంతదారుకి పంపాలని. స్వయంగా తీసుకుపోయి ఆఫీసులో ఇచ్చాను. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడు. గుమాస్తా చదివి, నకలు మీద ముద్ర వేసి ఇస్తూ, "ఆ పోస్టు ఇప్పుడు లేదు మేడం. పిల్లోల్లు తగ్గినారని ఎత్తేసినారు. పోయిన ఏడే ఇచ్చింటే ఏమన్నా చేసేటోల్లేమో" అన్నాడు. నోటుబుక్కు సంగతి అడిగితే ఫైలు వెతకాలన్నాడు.

ఆ నకలు పట్టుకుని డోన్ వెళ్లాను. రైల్వే స్టేషను దగ్గర సందులో వాళ్ల ఇల్లు. ముందు గదిలో పిల్లలకి ట్యూషన్ చెబుతోంది. నన్ను చూసి, వాళ్లని కాసేపు బయట ఆడుకోమని పంపించింది. కుర్చీ వేసి నీళ్లు ఇచ్చింది. లోపల గదిలోంచి ఎవరో దగ్గుతున్నారు. అహోబిలంలో చూసింది, విన్నది మొత్తం చెప్పాను. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. వినడం ఆమెకి మొదట్నుంచీ వచ్చు.

"ఆ రోజు నీకు తెలిసిందా, అది ఎవరిదో?" అని అడిగాను.

"రాత తెల్దు మేడం. ఆ పాప మొగం చూస్తే తెలిసింది, చెప్తే దానికేదో అయితాదని."

"తర్వాత నాకైనా చెప్పి ఉండాల్సింది అమ్మా."

"మీరు అడిగింటే చెప్పేదాన్ని. మీరు అడగలా. తెచ్చి బల్ల మీద పెట్టినారు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను, ఒక్కటీ నోటికి రాలేదు. బ్యాగులోంచి ఉత్తరం నకలు తీసి ఇచ్చాను.

ఆమె ముందు పైన ఉన్న తేదీ చూసింది.

"రిటైరైనాక రాసినారా మేడం?"

"అవును" అన్నాను.

తర్వాత మొత్తం చదివింది. వేలు పెట్టి ఒక్కొక్క వాక్యమే, పిల్లల పుస్తకం దిద్దినట్టు నిదానంగా చదివింది. చివరిదాకా చదివి, మడత సరిచేసి నా చేతికి తిరిగి ఇచ్చింది.

"బాగా రాసినారు మేడం. ఒక్క తప్పు గూడా లేదు" అంది. లేచి తలుపు దగ్గరికి పోయి, బయట ఆడుకుంటున్న పిల్లల్ని లోపలికి రమ్మని పిలిచింది.